బరువు చూసి కొన్న సత్తు గిన్నె

ఎమ్మిగనూరులో మా వీధిలో ఏ ఇంటికి కొత్త కోడలు వచ్చినా, ఆమె సామానులో సత్తు గిన్నె ఉందని తెలిస్తే చాలు, మా అత్త పద్మాబాయి మరునాడు పొద్దున్నే ఆ ఇంటి గడప ముందు ఉండేది. చేతిలో ఒక తెల్ల కాగితం. "మీ చారు గిన్నె ఒకసారి చూపిస్తావా తల్లీ" అని అడిగేది. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు. గిన్నె అంచును కాగితం మీద గీసి, ఆ గీతను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసేది. అనుమానం వస్తే మా ఆయనతో మళ్లీ పరీక్ష చేయించేది. పిల్లలు ఆమెను "సీసం బాయమ్మ" అని పిలుచుకుని నవ్వేవాళ్లు. పెద్దవాళ్లు ముసలామెకు చాదస్తం ముదిరిందనుకున్నారు.

ఇది ఎనభైల నాటి పద్మాబాయి. నేను కాపురానికి వచ్చిన నాటి పద్మాబాయి వేరు. ఆమె నోటికి ఎమ్మిగనూరు సంత కూడా జడిసేది. అత్త చచ్చిన ఆరు నెలలకు కోడలు ఏడ్చిందని సామెత. నేను ఆరు నెలలు కూడా ఆగలేదు, ఆమె బతికుండగానే ఆమె కోసం ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో చెప్పాలంటే ఆ గిన్నె సంగతి చెప్పాలి.

సత్తు గిన్నె అంటే తగరంతో చేసిన చారు గిన్నె. కొన్ని ఊళ్లలో సిల్వరు సామానునే, అంటే అల్యూమినియాన్ని, సత్తు అంటారు, అది వేరు. ఈ గిన్నెలో కాచిన చారుకు వచ్చే రుచి ఇంకెందులోనూ రాదని మా ఇళ్లలో నమ్మకం. దాన్ని ఖాళీగా పొయ్యి మీద పెడితే అడుగు కరిగి కారిపోతుంది. చింతపండు నీళ్లు పోసిన తర్వాతే నిప్పు మీదికి ఎక్కించాలి.

మా మామ పాండురంగాచార్యులు మంత్రాలయం దగ్గర ఒక పల్లెలో గుడి సేవ చేసుకుంటూ పోయారు. ఆయన పోయాక మా అత్త కొడుకు దగ్గరికి ఎమ్మిగనూరు వచ్చింది. మా ఆయన భీమరావు హైస్కూలులో సైన్సు మాస్టరు. బడిలో ఆయన చెప్పే సైన్సు మా వంటింటి గడప దాటేది కాదు. గడపకు అవతల మా అత్త మడి. తెల్లవారకముందే తలస్నానం చేసి, తడిబట్టతో పొయ్యి ముట్టించి, దేవుడికి నైవేద్యం అయ్యేదాకా ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. మడి గిన్నెలు అటక మీద బోర్లించి ఉండేవి. వాటిని కన్న కొడుకు కూడా ముట్టుకోకూడదు. నేను కోడలిని కాబట్టి పక్క పొయ్యి మీద మా కూరలు, మజ్జిగ పులుసు నాకు వదిలేసింది. చారు మాత్రం ఆమెదే.

ఆమె పాత సత్తు గిన్నె ఆమె చేతిలోనే కరిగింది. పొయ్యి మీద ఖాళీ గిన్నె పెట్టి, గుమ్మంలో ఎవరో పిలిస్తే మాటల్లో పడింది. వచ్చి చూసేసరికి అడుగున రూపాయి బిళ్లంత చిల్లు. అత్త పగలగొట్టింది అడుగోటి కుండ, కోడలు పగలగొట్టింది కొత్త కుండ అంటారు కదా. అదే నా చేతిలో కరిగి ఉంటే మా పుట్టింటి వంశమంతా కరిగేది. ఆమె చేతిలో కరిగింది కాబట్టి "అది ఎప్పుడో అరిగిపోయినదిలే" అని తేల్చేసింది.

డెబ్బై ఆరు శ్రావణంలో ఉరుకుంద ఈరన్న జాతరకు పోయాం. అక్కడ చెట్టు కింద గోనెపట్టా పరిచి ఒకడు సత్తు గిన్నెలు అమ్ముతున్నాడు. మా అత్త ఒక్కో గిన్నెనూ అరచేతిలో పెట్టుకుని తూచి చూసింది. తేలికగా ఉన్నవన్నీ పక్కన పెట్టింది.

"ఇవి పట్టుకుంటే గాలి పట్టుకున్నట్లుండాయి. ఇదిగో, ఇది చూడు తులసీ. బరువు చూడు. ఇత్తడైనా రాగి అయినా సత్తైనా, బరువుంటేనే సరుకు" అని ఒక గిన్నె నా చేతిలో పెట్టింది. నిజంగానే బరువుగా ఉంది. అమ్మేవాడు ఆమె తెలివికి చేతులు జోడించాడు. దారి పొడుగునా బస్సులో ఆ గిన్నె ఆమె ఒళ్లోనే ఉంది.

ఆ గిన్నె వచ్చాక చారు రుచి మారింది. బెల్లం వేయకుండానే చివర్లో నాలుక మీద ఒక తీపి తగిలేది. మా ఆయన చేతులు నాకాడు. వీధిలో వాళ్లు అడిగి పోయించుకున్నారు. "నా చేతిలో ఏముందమ్మా, అంతా గిన్నె మహిమ" అని మా అత్త అనేది, కానీ చెయ్యి చూపించుకుంటూ అనేది. నాకు ఆ తీపి పడలేదు. నేను మజ్జిగ మనిషిని, పైగా మొండిదాన్ని. అందరూ మెచ్చుకున్నది నేను మెచ్చుకోను. ఆమె చారు నా కంచంలో పడింది తక్కువ.

మా ఇంటి ఎదురుగా ఉచ్చీరమ్మ ఉండేది. మొగుడు లేడు, రెండు బర్రెలు, ఒక కూతురు తిమ్మక్క. వీధిలో సగం ఇళ్లకు పాలు పోసేది. తెల్లవారగానే సిల్వరు బిందె చంకన పెట్టుకుని ఇంటింటికీ వచ్చేది. ఆ పాలు తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు.

గిన్నె కొన్న మరు ఏడు తిమ్మక్క కాన్పుకు పుట్టింటికి వచ్చింది. మొదటి చూలు. ఏం తిన్నా వాంతి. మా అత్తకు జాలి కలిగింది. ఆమె నోరు చెడ్డదే కానీ గుండె చెడ్డది కాదు. "చారన్నం అయితే ఇముడుతుంది" అని రోజూ పొద్దున్న నైవేద్యం కాగానే చెంబు నిండా చారు మా గడపలో నిలబడి ఉచ్చీరమ్మ తెచ్చిన గిన్నెలోకి ఎత్తి పోసేది. గిన్నెకు గిన్నె తగలకుండా పోసేది, అది వేరే సంగతి. తిమ్మక్క ఆ చారు ఇష్టంగా తాగింది. తియ్యగా ఉందని ఇంకా కావాలనేది. నెలలు నిండకముందే నొప్పులు వచ్చి, బిడ్డ చచ్చి పుట్టింది. తల్లి చాలా రోజులు మంచం దిగలేదు. మా అత్త అప్పుడు కూడా చారు మానలేదు. తిమ్మక్క లేచి నడిచిన రోజు ఉచ్చీరమ్మ మా గడప ముందు వంగి, మా అత్త కాళ్లకు దూరంగా నేలను ముట్టి మొక్కింది. మా అత్త ఆశీర్వదించింది. ఆ సాయంత్రం చాలాసేపు సంతోషంగా ఉంది.

మా నరహరి అప్పటికి మూడేళ్లవాడు. చారన్నం తప్ప ముట్టేవాడు కాదు. అయిదేళ్లు వచ్చేసరికి వాడి ముఖం పాలిపోయింది. కడుపు నొప్పి అని మెలికలు తిరిగేవాడు. నాలుగు రోజులకు ఒకసారి విరేచనం. నిన్న నేర్చుకున్న అక్షరం ఈరోజు మర్చిపోయేవాడు. చిన్న మాటకే అరిచి ఏడ్చేవాడు. మా అత్త దిష్టి తీసింది, వాము నీళ్లు పట్టింది. కడుపు బాగాలేని బిడ్డకు పథ్యం ఏమిటి? చారన్నం. వాడికి నొప్పి ఎక్కువయ్యేకొద్దీ చారు ఎక్కువ పోసింది.

చివరికి ఆదోనిలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన వాడి పెదవి పైకెత్తి టార్చి వేసి చూశాడు. చిగుళ్ల అంచున పళ్ల వెంబడి సన్నగా నీలం గీత ఉంది. మేము రోజూ పళ్లు తోమే నోరు, మాకు కనబడలేదు.

"ఇంట్లో సీసం యాడన్నా ఉందా?" అని అడిగాడు డాక్టరు. "పాత బ్యాటరీలు, రంగు బొమ్మలు, సుర్మా, గిన్నెలు. పిల్లోని నోట్లోకి పోయేది ఏదైనా సరే. పెద్దోళ్లకు తెలియనంత సీసం కూడా పిల్లోళ్లను పడగొడుతుంది. రక్తం పరీక్షకు పంపుతా. అది వచ్చేలోపల మీరు ఇల్లంతా వెతకండి. మాస్టరువి కదా, నీకు చెప్పేదేముంది."

మా ఆయన ఇంటికి వచ్చి తెల్ల కాగితం తీసుకుని కూర్చున్నాడు. సీసం కాగితం మీద పెన్సిలు లాగా గీత గీస్తుందని చెప్పాడు. వాడి ఆటబొమ్మలు, కుంకుమ భరిణె, దీపం సెమ్మె, కొళాయి, తాళంచెవుల గుత్తి, అన్నీ గీసి చూశాం. గీత పడలేదు. అప్పుడు ఆయన వంటింటి గడప దగ్గర నిలబడి నెమ్మదిగా అన్నాడు.

"అమ్మా, మడి గిన్నెలు కూడా ఒకసారి..."

"ఏం మాటలురా అవి" అంది మా అత్త. "దేవునికి నైవేద్యం పెట్టే గిన్నెల్లో విషముంటాదా? నీ సైన్సు బడిలో పెట్టుకో. రోగం బయటినుంచి వచ్చింది. బయట చూడు."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఇంట్లో ఈశ్వరుడిని పక్కన కూర్చోబెట్టుకుని మరీ దొంగను దాచాం.

బయట అంటే ఆమె లెక్కలో ఒక్కటే ఇల్లు. నరహరి రోజూ సాయంత్రం దూడలతో ఆడుకోవడానికి ఉచ్చీరమ్మ ఇంటికి పోయేవాడు. ఆమె వాడికి గ్లాసెడు పాలు ఇచ్చేది. ఆ సంగతి మా అత్తకు ముందునుంచీ నచ్చదు. పాత పంచె చింపిన తెల్లగుడ్డ తడిపి చేతిలో పట్టుకుని, మడి కూడా విడిచిపెట్టి, ఎదురింటికి పోయింది. నేను వెనకాల పరిగెత్తాను. పాలవేళ, వీధిలో జనం ఉన్నారు.

"నీ పాల బిందె బయటికి తే" అంది.

ఉచ్చీరమ్మ ఏమీ తెలియక బిందె తెచ్చి ఇచ్చింది. మా అత్త దాని లోపల గుడ్డతో గట్టిగా రుద్దింది. గుడ్డ నల్లగా అయింది. ఆ గుడ్డను పైకెత్తి వీధి అంతటికీ చూపించింది.

"చూడండి. సీసం. నా మనుమడికి ఇంత కాలం పోసింది ఇదే. గ్లాసు తే, చెంబు తే, అన్నీ తే." అన్నీ తెప్పించింది. అన్నీ సిల్వరువే. అన్నీ గుడ్డను నల్ల చేశాయి. వీధి మధ్య ఆ పేదరాలి సామాను మొత్తం పరిచి ఉంది, పట్టుమని పది లేవు. వాటిలో ఒకటి సొట్టలు పోయి ఉంది. నాకు ఆ సొట్ట గిన్నెను చూస్తే తలెత్తాలనిపించలేదు.

"మా సామాను సిల్వరుదేనమ్మా" అంది ఉచ్చీరమ్మ. "నీళ్లకూ దాంట్లోనే, పాలకూ దాంట్లోనే. మేమూ దాంట్లోనే తాగుతాము. పిల్లోనికి నేనేం సేసినానమ్మా?"

"ఏం చేసినావా? నీ కూతురు మంచంలో పడుంటే నెలల తరబడి చారు పోసి బతికించినా. నా చారుతో మీ ఇంట్లో మనిషి నిలబడింది. దానికి నువ్వు నా ఇంటి దీపానికి ఇది చేసినావు. తిన్న రేవు తలచేదానివైతే ఇట్ల చేస్తావా?"

ఉచ్చీరమ్మ సామాను ఒక్కొక్కటి ఏరుకుని లోపల పెట్టుకుంది. మా అత్త ఇంటికి వచ్చి తలస్నానం చేసింది.

ఆ రాత్రి మా ఆయన అన్నం కలుపుతూ నాతో మెల్లగా అన్నాడు. "సిల్వరు కూడా తడిగుడ్డతో రుద్దితే నల్లగానే అంటుతుంది. అది సీసం కాదు."

"ఆ మాట వీధిలో చెప్పకూడదా?" అన్నాను.

"అమ్మ అంతమంది ముందర అనేసింది కదా" అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. తొమ్మిదో తరగతి పిల్లలకు లోహాల గుణాలు చెప్పే మనిషి, ఎదురింటి దాకా నడిచి ఒక్క లోహం గుణం చెప్పలేకపోయాడు. "నోట్లో నాలుక ఉండేది చారు నాకడానికేనా" అన్నాను. ఆయన తలవంచుకుని తిన్నాడు.

మరునాటి నుంచి వీధిలో ఉచ్చీరమ్మ పాలు ఎవరూ పోయించుకోలేదు. ఆమె బిందె చంకన పెట్టుకుని అలవాటు కొద్దీ ఇంటింటికీ పోయేది. తలుపులు వేసి ఉండేవి. బిందె నిండుగానే తిరిగి వచ్చేది. కొన్నాళ్లకు ఒక బర్రెను అమ్మేసింది.

నరహరిని ఆదోని ఆసుపత్రిలో ఉంచుకున్నారు. రక్తంలో సీసం ఉందని తేలింది. సూదులు వేశారు. అక్కడ వాడు రొట్టె, పాలు, ఇడ్లీ తిన్నాడు. దూరం కాబట్టి మా వంట పంపలేకపోయాం. బుగ్గలకు రంగు వచ్చింది. మర్చిపోయిన పద్యం అప్పజెప్పాడు. నేను ఈరన్నకు మొక్కుకున్నాను. మా అత్త "చూసినావా, ఎదురింటి పాలు మానినాక ఎట్ల తేరుకున్నాడో" అంది.

ఇంటికి తెచ్చుకున్నాం. నీరసంగా ఉన్న బిడ్డకు మా అత్త తన చేతులతో చారు కాచి, నెయ్యి వేసి, ముద్దలు చేసి తినిపించింది. నెల తిరిగిందో లేదో, వాడు మళ్లీ కడుపు పట్టుకుని గోడకు ఒరిగాడు.

నాకు ఇంక ఓపిక లేకపోయింది. "అత్తమ్మా, ఇప్పుడు ఉచ్చీరమ్మ పాలు లేవు. వాడు ఆ ఇంటి గడప తొక్కలేదు. మరి ఇప్పుడు ఎవరు పోస్తున్నారు వాడికి సీసం?" అని అడిగాను. అంత గట్టిగా ఆమెతో నేనెప్పుడూ మాట్లాడలేదు. తిడుతుందని చూశాను. తిట్టలేదు. అటక వైపు చూసి, చప్పున చూపు తిప్పుకుంది.

మా ఆయన మరునాడు బడి నుంచి ఒక గాజుకడ్డీ, రెండు చిన్న సీసాలు తెచ్చాడు. ఒకదాంట్లో నత్రికామ్లం, ఇంకోదాంట్లో పొటాషియం అయొడైడ్ నీళ్లు. వాటిని వంటింటి గడప మీద పెట్టి ఏమీ అడగకుండా పక్కకు జరిగాడు. ఆ రోజంతా ఆ సీసాలు అక్కడే ఉన్నాయి.

మరునాడు పొద్దున్న ఆమె తలస్నానం చేసి తడిబట్టతో వచ్చింది. పొయ్యి ముట్టించలేదు. సత్తు గిన్నె దించి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "నువ్వు లోపలికి రావద్దు. ఆడ నిలబడి చెప్పు, నేను చేస్తా" అంది కొడుకుతో. ఇంకెవరూ ముట్టకూడని గిన్నె కాబట్టి ఆ పని ఆమే చేయాల్సి వచ్చింది.

ఆయన గడప అవతలి నుంచి చెప్పాడు. గాజుకడ్డీతో ఒక చుక్క ఆమ్లం గిన్నె లోపల పెట్టమన్నాడు. పెట్టింది. చుక్క పొంగి, కింద తెల్లటి పొడిలాగా అయింది. కుంపటి సెగ మీద దూరంగా పట్టి అది పూర్తిగా ఆరేదాకా ఆగమన్నాడు. ఆగింది. ఒక చుక్క నీళ్లు వేసి, ఇప్పుడు రెండో సీసాలోది ఒక చుక్క వేయమన్నాడు.

"వేస్తే ఏమైతుంది?" అంది.

"తగరమొకటే అయితే తెల్లగానే ఉంటుంది. సీసముంటే పచ్చగా అవుతుంది."

చుక్క పడింది. తెల్లటి మచ్చ మీద పసుపు పచ్చగా పాకింది. పండగ రోజు గడపకు రాసే పసుపులాగా మంచి రంగు. ఆమె వేళ్లు చూసుకుంది, తన చేతికి పసుపు ఉందేమోనని. చేతులు కడుక్కుని వచ్చింది. గిన్నె ఇంకో పక్కన మళ్లీ మొదటి నుంచి చేసింది. ఆ పక్కనా పసుపే. అంచు మీద చేసింది. అక్కడా అదే.

తడిబట్ట ఒంటి మీదే ఆరిపోయింది. "బరువు చూసి కొన్నా తులసీ" అంది చివరికి. "తేలికవన్నీ పక్కన పెట్టి, ఏరి ఏరి ఇదే కొన్నా." సీసం తగరం కంటే చవక, తగరం కంటే బరువు అన్నది మా ఆయన ఎప్పుడూ బడిలో చెప్పే ముక్కే. జాతరలో ఆయన పక్కనే ఉన్నాడు. చారు తియ్యగా ఉందని చేతులు నాకినప్పుడూ పక్కనే ఉన్నాడు. సీసం పులుపులో నాని తీపి ఎక్కుతుందట. అది కూడా ఆయన ఈ పరీక్ష అయ్యాకనే చెప్పాడు.

నరహరిని మళ్లీ ఆదోనికి తీసుకుపోయాం. తిరిగి వచ్చాక మా ఆయన తలుపు దగ్గరికి వేసి, "గిన్నె పారేద్దాం. బయట ఎవరికీ చెప్పొద్దు. మాస్టరు ఇంట్లోనే ఇట్లా అంటే బడిలో తల ఎత్తుకోలేను" అన్నాడు. మా అత్త ఏకాదశి కాకపోయినా ఆ పూట ఉపవాసం ఉంది. మరుసటి పూటా ఉంది. అన్నం ముందు కూర్చుంటే చెయ్యి కంచం దాకా పోయేది కాదు. సిగ్గు మనిషి గొంతులో అడ్డం పడుతుందని నేను ఆమెను చూసే నేర్చుకున్నాను. నా కోపమంతా అప్పుడే కారిపోయింది. వంటింటి మూలలో కూర్చుని ఏడ్చాను.

ఒక రోజు పొద్దున్న, సరిగ్గా పాలవేళకు, ఆమె తన మడి సామాను అంతా బయటికి మోసింది. ఇత్తడి బిందెలు, కంచు గిన్నెలు, నైవేద్యం పళ్లెం, సత్తు గిన్నె. ఉచ్చీరమ్మ సామాను పరిచి ఉంచిన చోటే వీధి మధ్యలో పరిచింది. నేను సాయం పోబోతే వద్దంది. మా ఆయన గుమ్మంలో నిలబడిపోయాడు. వీధి జనం చేరారు. ఎవరూ ముట్టకూడని గిన్నెల చుట్టూ కోళ్లు తిరుగుతున్నాయి.

"ఉచ్చీరమ్మా, ఒకసారి బయటికి రా" అని పిలిచింది.

ఉచ్చీరమ్మ వచ్చి తన గుమ్మంలోనే నిలబడింది. ముఖంలో భయం ఉంది. మళ్లీ ఏం నేరం మోపుతారో అనుకుని ఉంటుంది.

మా అత్త సత్తు గిన్నె ఎత్తి పసుపు మచ్చలు అందరికీ చూపించింది. "సీసం దీంట్లో ఉండేది" అంది. "నా చేత్తో నేనే పరీక్ష చేసినా. నా మనుమడికి విషం పోసింది నేను. ఈమె పాలలో ఏమీ లేదు, ఈమె బిందెలో ఏమీ లేదు. సిల్వరు రుద్దితే నల్లగా అంటుతుందంట, అంతే. నేను తప్పు మాట అన్నా. అందరూ ఉండంగా అన్నా కాబట్టి అందరూ ఉండంగానే చెప్తాండా."

ఉచ్చీరమ్మ గుమ్మం దిగి నెమ్మదిగా నడిచి వచ్చింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని, "ఇట్లియ్యమ్మా" అని చెయ్యి చాపింది. మా అత్త ఆ గిన్నెను మొదటిసారి ఇంకొకరి చేతిలో పెట్టింది. ఉచ్చీరమ్మ దాన్ని అరచేతిలో ఉంచుకుని చూసింది.

"బరువుగుంది" అంది. కొంచెం ఆగి, "ఇది ఎప్పటి గిన్నెమ్మా?" అని అడిగింది.

మా అత్త చూపు నేల మీదికి దించింది.

"మా తిమ్మక్కకు పోసిండేది దీంట్లో కాసిన సారేనా?"

ఆ మాట వచ్చేదాకా ఆ ఆలోచన నాకు రాలేదు. మా ఆయనకూ రాలేదు. మా అత్తకు వచ్చిందని మాత్రం ఆమె ముఖం చూస్తే తెలిసింది. అన్నం సహించని ఆ పూటలన్నీ ఆమె నమిలింది ఆ ప్రశ్ననే.

గుమ్మంలోంచి మా ఆయన అందుకున్నాడు. "లేదు లేదు, అప్పుడు ఉండేది పాత గిన్నె. ఇది ఆ తర్వాత కొన్నది." ఇంత కాలం లేవని నోరు అబద్ధానికి లేచింది. ఆ పాత గిన్నె ఎప్పుడు కరిగిందో వీధిలో ఎవరికీ తెలియదు. మా అత్త ఊరుకుని ఉంటే సరిపోయేది.

ఆమె కొడుకు వైపు చూడలేదు. "ఇదే" అంది. "ఇదే గిన్నె ఉచ్చీరమ్మా."

ఉచ్చీరమ్మ తల ఆడించింది. ఏడవలేదు, శపించలేదు. గిన్నెను వంగి మెల్లగా నేల మీద పెట్టింది. లేచి మా అత్త ముఖంలోకి చూసింది.

"బిడ్డ పోయినా, నీ సారు పుణ్యాన తల్లన్నా దక్కిందని నీకు మొక్కినానమ్మా" అంది. లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

తిమ్మక్క బిడ్డ ఆ చారు వల్లే పోయిందా అని ఆదోని డాక్టరును తర్వాత అడిగాం. అవునని చెప్పలేను, కాదని కూడా చెప్పలేను అన్నాడు. నరహరి బతికాడు. చదువు మాత్రం వాడికి అంతంత మాత్రంగానే వచ్చింది. గిన్నెను మా ఆయన గుండ్రాయితో నలగ్గొట్టి, ఊరి బయట గుంత తీసి పూడ్చాడు.

మా అత్త వీధిలో ఒప్పుకున్న మరునాడు తెల్లవారగానే తలుపులన్నీ తీసి ఉన్నాయి. ఉచ్చీరమ్మ సిల్వరు బిందెతో వచ్చి ఇంటింటికీ పాలు పోసింది. మా ఇంటికి కూడా వచ్చింది. మా అత్త గిన్నె పట్టుకుని గడప దిగి పోయింది. గిన్నెకు గిన్నె ఆనించి పట్టుకుంది. ఉచ్చీరమ్మ తన బిందెను కొంచెం పైకెత్తి, తగలకుండా పోసి, పక్కింటికి పోయింది.